ఒక బిళ్ళ అరువు

మా పిన్ని ఫ్లోర్దెలిసా కొట్టులో
ఏదైనా విడిగానే దొరుకుతుంది.
ఒక సిగరెట్టు. ఒక వెల్లుల్లి రెబ్బ.
గ్లాసు తెచ్చుకుంటే అడుగున రెండు వేళ్ళ వెనిగరు.
ఒక బిళ్ళ.

ఇలోయిలో రేవులో పడవ దిగీ దిగగానే
ఇనప జాలీ, జాలీ వెనక ఆమె ముఖం.
జాలీకి మేకు, మేకుకి తాడు, తాడుకి కత్తెర.
తొమ్మిదేళ్ళప్పుడు ఆ కత్తెరే నా ఉద్యోగం.

రేకులోంచి ఒక బిళ్ళను కత్తిరించి ఇస్తే
మందు పేరు ఒకరికి పోతుంది,
మోతాదు ఇంకొకరికి,
గడువు తేదీ చివరి బిళ్ళని పట్టుకుని మిగులుతుంది.
ఎవరికి ఏ అక్షరాలు దక్కితే అవే.
తలనొప్పితో వచ్చిన టీచరమ్మకి ఒకసారి
"పిల్లలకు అంద" అన్నంతవరకే వెళ్ళింది.
ఇప్పటికీ రేకు కనబడితే
తేదీ ఏ మూల ఉందో వెతుకుతాను.

జ్వరానికి తెల్లది, ఒళ్ళునొప్పులకి నారింజ రంగుది,
కడుపు మంటకి నమిలేది.
పేర్లు ఎవరూ అడగరు.
"నిన్నటిదే" అంటారు.
"మా ఆయనది" అంటారు.
డాక్టరు దగ్గరికైతే జీప్నీ కిరాయి,
వరుసలో సగం రోజు, ఆ సగం రోజు కూలీ.
మా దగ్గరికి రావడానికి చెప్పులు కూడా అక్కర్లేదు.

బస్తాలు మోసే ప్రొకోపియో పొద్దుగూకే వేళ వచ్చేవాడు.
ముందు అతని నడుము నొప్పి వచ్చేది, వెనక అతను.
నారింజ బిళ్ళ మింగి, జాలీకి నుదురు ఆనించి
అది పనిచేసేదాకా కబుర్లు చెప్పేవాడు.

అతను పోయిన ఏడాదే, ఒక సోమవారం, ఇన్‌స్పెక్టరు వచ్చాడు.
ఇస్త్రీ చొక్కా, భుజాన సంచి, చేతిలో రసీదు పుస్తకం.
ముందు ఉప్పు అడిగాడు.
చిటికెడు పళ్ళెంలో పోసి, సీసాలోంచి రెండు చుక్కలు వేశాడు.
ఉప్పు ఊదా రంగుకి తిరిగింది.
అయోడిన్ ఉంది, మంచిది, అన్నాడు.
పిన్ని నా వంక చూసింది, పరీక్ష పాసైన పిల్లలా.
ఎండుచేపలు వాసన చూశాడు.
రొట్టె ప్యాకెట్లు బోర్లించి తేదీలు చదివాడు.
తరవాత కత్తెరని చూశాడు.

మందులు లైసెన్సు ఉన్న దుకాణంలోనే అమ్మాలి, అన్నాడు.
కోపంగా కాదు. వెయ్యోసారి చెబుతున్నట్టు.
రేకులూ ముక్కలూ లెక్కపెట్టి సంచిలో వేసుకున్నాడు.
ముప్ఫైఏడు బిళ్ళలు.

పిన్ని వాదించలేదు.
అరువు పుస్తకం తీసి అతని ముందు పెట్టింది.
"ఇది కూడా రాసుకో బాబూ."

ప్రొకోపియో పేజీ.
జనవరిలో రోజుకొకటి.
ఏప్రిల్‌కి రెండు.
వానలు పడ్డాక మూడు, మూడు, మూడు, నాలుగు,
పక్కన నమిలేది ఒకటి.
ఆగస్టు పందొమ్మిది తరవాత కాగితం అంతా తెలుపు.
బాకీ అరవై రెండు పెసోలు.
"రక్తం కక్కుకున్నాడు" అంది పిన్ని.
"బాకీ కొట్టెయ్యలేదు.
కొట్టేస్తే నేను అమ్మలేదన్నట్టు అవుతుంది."

అతను పేజీలు తిప్పాడు.
ఎవరి మోకాలు ఏ నెలలో మొదలైందో,
ఏ ఇంట్లో బిడ్డ జ్వరం ఎన్నాళ్ళకీ దిగలేదో,
నీళ్ళ ట్యాంకరు రాని వారం
వీధి వీధంతా ఎలా తల పట్టుకుందో,
అన్నీ ఉన్నాయి, కోడి కెలికినట్టుండే ఆమె రాతలో.
అతని ఆఫీసులో ఏ ఫైలుకీ తెలియనివి.
నిలబడే చాలాసేపు చదివాడు.
చదివి, కణతలు నొక్కుకున్నాడు.

"ఒకటి ఉందా?"
"అన్నీ నీ సంచిలోనే ఉన్నాయిగా."

సముద్రం మీంచి డీజిలు వాసన.
అతను సంచి విప్పాడు. నేను కత్తెర అందించాను.
రసీదు మీద ముప్ఫైఏడు కొట్టేసి ముప్ఫైఆరు చేసి
దిద్దినచోట పొట్టి సంతకం పెట్టాడు.
నీళ్ళు పిన్నే ఇచ్చింది.

వెళ్ళబోతూ జాలీలోంచి నాణెం తోశాడు.
ఆమె వెనక్కి తోసింది.
"అమ్మకూడదన్నావుగా."
పుస్తకంలో కొత్త పేజీ తీసి
పేరు అడిగింది.